సబ్బు తగిలి ఎర్రబడిన పసుపు

ఆ రోజు నా చొక్కాకు అంటింది వదిన చీర రంగు కాదని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

అప్పుడు అందరం చేవెళ్లలోనే ఉండేవాళ్లం. నేను ఇంటర్ చదువుతున్నాను. వదిన కొత్తగా కాపురానికొచ్చింది. ఆదివారం పొద్దున ఆమె ఇంటి వెనక బండ మీద బట్టలుతుకుతుంటే సబ్బు వాసన వంటింటి దాకా వచ్చేది. ఆ వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు ఆ ఇల్లే.

ఆ ఆదివారానికి ముందురోజు మొయినాబాద్‌లో ట్యూషన్ అని చెప్పి, జన్వాడలో స్నేహితుడి అక్క పెళ్లికి వెళ్లాను. నలుగు పెట్టేచోట ఆడవాళ్లు నా చొక్కా వెనకంతా పసుపు పూశారు. ఇంటికొచ్చి దాన్ని విడిచిన బట్టల అడుగున దాచాను.

వదిన సబ్బు రుద్దగానే ఆ మరకలు ఎర్రబడ్డాయి. పక్క బకెట్లో ఆమె పుట్టింటి ఎర్రచీర నానుతోంది. అమ్మ రెండింటినీ చూసింది.

“నీ చీర రంగు దిగింది గదనే. మీ తల్లిగారింట్ల అన్నీ కలిపే నానబెడ్తరా?”

“నేను కలపలే అత్తమ్మా. చొక్కాకు పసుపుండె. సబ్బు పెట్టంగనే ఎర్రగైంది.”

“పసుపు ఎర్రగైతదా? రేపు పాలు నల్లగైనయంటవ్.” అమ్మ నా వైపు తిరిగింది. “చదువుకుంటున్నవ్ గద, నువ్వు చెప్పురా.”

చీర రంగు నీళ్లలో కరిగి చొక్కాకు పడితే అది భౌతిక మార్పు. రంగు అదే, చోటే వేరు. పసుపు సబ్బులోని క్షారంతో కలిసి ఎర్రబడితే రసాయన మార్పు. అదంతా పాఠంలో చదివిందే. కానీ చెబితే పసుపు ఎక్కడిదని అడుగుతారు.

“రంగే దిగినట్టున్నదమ్మా,” అన్నాను.

అమ్మ లోపలికి వెళ్లింది. వదిన చొక్కాను మంచినీళ్లలో జాడించేసరికి మరక మళ్లీ పసుపుగా తేలింది. ఆమె చూసింది, నేనూ చూశాను. ఆమె అమ్మను పిలవలేదు.

తర్వాత ఏళ్ల తరబడి చుట్టాలొచ్చినప్పుడల్లా, “మా కోడలికి పసుపు ఎర్రగ కనిపిస్తది,” అని అమ్మ నవ్వించేది. వదినా నవ్వేది. కానీ ఆ ఇంట్లో ఆమె ఏం చెప్పినా ఇంకొకరు అవునంటేనే నమ్మేవారు.

ఇప్పుడు మొయినాబాద్‌లో పిల్లలకు నేనే ఆ పాఠం చెబుతున్నాను. పసుపు కాగితం మీద సబ్బునీళ్లు చల్లి చూపిస్తాను. ఈసారి పాఠం అయ్యాక నేరుగా చేవెళ్లకు వెళ్లాను. వదిన చిక్కుడుకాయలు తుంచుతోంది, అమ్మ పక్కనే కూర్చుంది.

“అమ్మా, ఆ రోజు నా చొక్కాకు పసుపే ఉండె. ట్యూషన్‌కు పోలే, పెండ్లికి పోయిన. వదిన చెప్పిందే నిజం.”

“ఇప్పుడెందుకురా ఆ ముచ్చట,” అంది అమ్మ.

వదిన చేయి ఆగలేదు. “మళ్ల పసుపు తేలినప్పుడన్న చెప్తవేమో అని చూసిన తమ్మీ.”

“చెప్పలే వదినా. తప్పైంది, మాఫ్ చెయ్యి.”