నిమిషానికి అరవై

మందులు రాసిచ్చి పంపుతూ డాక్టరు ఒకటే చెప్పారు: మా ఏడు నెలల బాబు నిమిషానికి యాభైసార్లు మించి ఊపిరి తీస్తే వెంటనే వెనక్కి తీసుకురమ్మని. రాయదుర్గంలో మెట్రో ఎక్కాక మూడుసార్లు లెక్కపెట్టాను. ఫోన్‌లో సెకన్లు చూస్తుంటే ఊపిరి లెక్క తప్పుతోంది. నలభై ఒకటి, అరవై, ముప్ఫై ఎనిమిది.

గిటారుతో పక్కన కూర్చున్న అమ్మాయి, "ఏమైంది అక్కా?" అంది. చెప్పాను.

"గడియారం నేనైత. నువ్వు బాబునే చూడు. సొంతంగ పాటలు రాసి పాడుకుంట నేను. ఇయ్యాల మాత్రం పెళ్లిళ్లల్ల డీజేలు దంచే ఆ పాట ఉంది గదా, దాన్ని జోలలెక్క జేసి రికార్డు చేస్తున్న. నిమిషానికి అరవై దెబ్బలు. నిద్రల లేపినా తప్పకుంట ఏస్త."

నా మోకాలి మీద వేలితో దెబ్బ వేస్తూ ఆ పాటే సన్నగా పాడింది. అరవైకి ఆగింది.

"యాభై ఆరండి," అన్నాను.

"భయంల ఎక్కువ లెక్కపెట్టినవేమో. ఇంకోసారి చూద్దాం."

మళ్లీ యాభై ఆరే.

ఆమె నా సంచీ భుజాన వేసుకుని తర్వాతి స్టేషన్‌లో నాతోపాటే దిగి, ఆసుపత్రికి ఆటో ఎక్కించింది.

బాబును ఐదు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. ఆమె పేరు నేను అడగనే లేదు.

ఇప్పుడు వాడు పరుగులు పెడుతున్నాడు. పెళ్లిళ్లలో ఆ పాట మోగితే అందరూ లేచి గంతులేస్తారు. నేను వాణ్ణి దగ్గరికి లాక్కుని ఛాతీ మీద చెయ్యి వేస్తాను.