శృతి రాసిన పెళ్లి రిపోర్టు

శృతి తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో ఆరేళ్లు క్వాలిటీ చూసింది. పాప పుట్టాక ఉద్యోగం మానేసి, శామీర్‌పేటలో భర్త పరమేష్ నడిపే ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కనే పాప ఉయ్యాల. పాప స్నానం నీళ్లలో థర్మామీటరు పెట్టి చూసేది. ఎన్ని మిల్లీలీటర్ల పాలు తాగిందో గోడ క్యాలెండరు మీద రాసేది. పాప పడుకుంటే ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టేది. దాంతో పాప లేచి ఏడ్చేది. ఆడుతోందని తేలిపోయేది కాబట్టి శృతి కుదుటపడేది.

స్టూడియోకు ఒక పద్ధతి ఉంది. ముహూర్తం అయి జనం భోజనాలకు కూర్చోగానే పరమేష్ ఫంక్షన్ హాలు నుంచి బండి మీద వచ్చేస్తాడు. కెమెరా కార్డులోని ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేసుకుని, అప్పగింతల వేళకు తిరిగి వెళ్తాడు. రెండో కార్డు మార్చిలోనే పాడైంది. కొత్తది కొనాలని ఇద్దరూ రోజూ అనుకునేవారు. కంప్యూటర్ పాతది కావడంతో ఫోటోలు ఎక్కడానికి ముప్పావు గంట పట్టేది. అంతసేపూ పరమేష్ ఆకలితో నిలబడి దాన్ని తిట్టేవాడు.

శృతి మూడు రోజులు చదివి, హార్డ్ డిస్క్ సెట్టింగుల్లో రైట్ క్యాషింగ్ అనే దాన్ని పట్టుకుంది. దానికి టిక్కు పెడితే, కంప్యూటర్ ప్రతి ఫోటోనూ డిస్కు మీద రాసేదాకా ఆగదు. ముందు మెమరీలో పెట్టుకుని, పని అయిపోయిందని చెప్పేసి, ఆ తర్వాత తీరిగ్గా రాసుకుంటుంది. ఈలోగా కరెంటు పోతే రాయనివి పోతాయని కింద హెచ్చరిక ఉంది. శృతి దాన్ని రెండుసార్లు చదివింది. యూపీఎస్ ఉంది కదా అని టిక్కు పెట్టింది. ముప్పావు గంట పని ఇరవై నిమిషాలకు వచ్చింది.

మూడు వారాలకు ఎండలు ముదిరాయి. కరెంటు పోయినప్పుడల్లా పాప చెమటకు తడిసి ఏడ్చేది. ముసలి యూపీఎస్ కంప్యూటర్‌నూ ఫ్యాన్‌నూ కలిపి మోయలేక కూతలు పెట్టింది. శృతి కంప్యూటర్ ప్లగ్గు తీసి గోడకు పెట్టి, యూపీఎస్‌కు పాప ఫ్యాన్ తగిలించింది. రెండు నిర్ణయాలూ విడివిడిగా సరైనవే.

ఆ నెలలో మేడ్చల్ సిద్దిరాములు కూతురి పెళ్లి, దేవరయాంజాల్ దగ్గరి ఫంక్షన్ హాల్లో. సిద్దిరాములుకు రెండు బోరు లారీలున్నాయి. లారీ ఆగి ఉన్నా నడుస్తున్నట్టే గట్టిగా మాట్లాడతాడు. మేడ్చల్లో ఎవరి ఇంట్లో పెళ్లయినా ఫోటోలకు ఎవరిని పిలవాలో ఆయన్నే అడుగుతారు.

పరమేష్ వచ్చాడు, ఫోటోలు ఎక్కించాడు. అయిపోయిందని కంప్యూటర్ చెప్పగానే కార్డు ఖాళీ చేసుకుని బయటికి నడిచాడు. బండి చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే కరెంటు పోయింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పాప కదల్లేదు.

కరెంటు వచ్చాక చూస్తే చివరి నూట నలభై ఫోటోలకు పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. చివరివంటే జీలకర్ర బెల్లం, పుస్తె కట్టడం, తలంబ్రాలు. మిగతావి భద్రంగా ఉన్నాయి. పెళ్లికొడుకు బూట్లు తొడుక్కోవడం పదకొండు వైపుల నుంచి ఉంది.

కార్డు ఖాళీ చేసినా, పైన కొత్త ఫోటో పడేదాకా పాతవి లోపలే ఉంటాయని శృతికి తెలుసు. ఫోన్ చేసింది. బండి మీదున్న పరమేష్ ఎత్తలేదు. ఏడోసారికి ఎత్తాడు.

"కొత్తగ ఏమన్న తీసినవా?"

"ఇప్పుడే అచ్చిన. అప్పగింతలు షురువైనయ్. ఏంది?"

"ఒక్కటి గూడ తియ్యకు. కార్డు గుంజి జేబుల ఏస్కో. పుస్తె కట్టిన ఫోటోలు దాంట్లనే ఉన్నయ్, ఇంకేడ లేవు."

"మరి గీడ నేనేం జెయ్యాలె?"

"తియ్యి. కార్డు లేకుంట తియ్యి."

కార్డు లేకున్నా కెమెరా మెరుస్తుంది. పరమేష్ గంటసేపు మెరిపించాడు. జేబులో ఫోన్ ఉంది గానీ, పిలిపించుకున్న ఫోటోగ్రాఫర్ ఫోన్ పట్టుకుంటే సిద్దిరాములు ఏమంటాడో అతనికి తెలుసు. ఆ సిద్దిరాములే కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టేటప్పుడు కండువా నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తల కొంచెం ఇటు తిప్పమని పరమేష్ అలవాటు కొద్దీ అడిగాడు. ఆయన ఏడుస్తూనే తిప్పాడు.

సాయంత్రం శృతి పోయిన ఫోటోలను తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి, కార్డు నుంచి నూట ముప్పై ఏడు రాబట్టింది. అప్పగింతలకు మాత్రం ఎక్కడా జాడ లేదు. కార్డు ఖరాబైందని చెబుదామన్నాడు పరమేష్. కార్డు ఖరాబు కాలేదంది శృతి. నిజం చెబితే మేడ్చల్ నుంచి ఇంకొక్క పెళ్లి రాదన్నాడు. శృతి అది నిజమేనని ఒప్పుకుని, ల్యాబులో తప్పు జరిగినప్పుడు రాసే పద్ధతిలోనే ఒక పేజీ రిపోర్టు రాసింది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నవి వివరంగా ఉన్నాయి. ఎవరి వల్ల అన్నచోట తన పేరు రాసింది. టిక్కు తీసేసి, కొత్త కార్డు కొన్నట్టు కింద రాసి సంతకం పెట్టింది.

వారానికి సిద్దిరాములు, భార్య కమలాబాయితో కలిసి ఆల్బంకు ఫోటోలు ఎంచడానికి వచ్చాడు. శృతి ముందుగా కాగితం చేతికిచ్చి, పాపను ఎత్తుకుని నిలబడింది. ఆయన నిలబడే చదివాడు, సంతకంతో సహా.

"అంటే అప్పగింతలయి లేవు."

"లేవు కాకా."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ లేదు."

"నేను..." అని గొంతు తగ్గించాడు. "నేను ఏడ్సింది?"

"యాడ లేదు."

సిద్దిరాములు కుర్చీ లాక్కుని కూర్చుని, టీ తెప్పించమన్నాడు. ఆ ఫోటోలు ఆల్బంలో వేయొద్దని ఎలా చెప్పాలా అని వారం నుంచి నిద్ర లేదట. కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతుంటే కమలాబాయి లాక్కుంది.

"నీది బాగనే ఉన్నది. మరి నాదేంది? గా చీర గందుకే కొన్న." శృతి వైపు తిరిగింది. "పదారు దినాల పండుగకు పిల్ల వస్తది బిడ్డా. మళ్ల పోయేటప్పుడు తియ్యుండ్రి. ఈయన్ని ఏదన్న బోరు కాడికి తోలుత."

తాను ఎక్కడికీ పోనన్నాడు సిద్దిరాములు. కావాలంటే కెమెరా వెనక నిలబడతానన్నాడు.