ఐసు మీద ఊక

ఆ రోజుల్లో ఏం జరిగిందో అప్పుడు అక్కడ లేనివాళ్ళకే ఎక్కువ తెలుస్తుంది. మా మేనత్తనే తీసుకోండి. ఏ పందిట్లోనైనా నలుగురు ఆడవాళ్ళు కనబడితే చాలు, మొదలుపెట్టేస్తుంది. “మా మేనకోడలు ఐసు హాకీకి కోచింగు సెప్పీది కదమ్మా! పట్నం ఎల్లి, అద్దంలాటి ఐసు మీద పశువుల సాలలో పోసినట్టు ఊక పోసీసి, ఆటంతా పాడు సేసీసి వచ్చినాది.” అందరూ నవ్వుతారు. ఏడాదికేడాదికి ఊక బస్తాలు పెరుగుతున్నాయి కూడా. మొన్న కోటబొమ్మాళిలో గృహప్రవేశం నాటికి అయిదయ్యాయి. నేను పక్క బంతిలోనే కూర్చుని పులిహోర తింటున్నాను, నాకు వినబడదనుకుంది. అందుకని రాస్తున్నాను. బస్తాలు రెండే. పశువుల సాలలో పోసే రకం కాదు. జల్లించి, దుమ్ము పోగొట్టి, రెండు రోజులు ఎండబెట్టిన శుభ్రమైన ఊక. పోసింది నేను కాదు. పొయ్యమన్నది ఎవరన్నది వేరే సంగతి, అక్కడికి వస్తాను.

అప్పుడు సాలూరులో ఒక లారీల ఓనరు గారుండేవారు. ఓనరు కాకముందు డ్రైవరు. ఎప్పుడో ఉత్తరాదికి లోడు వేసుకెళ్ళినప్పుడు అక్కడెక్కడో గడ్డకట్టిన చెరువు మీద పిల్లలు కర్రలు పట్టుకుని నల్ల రబ్బరు బిళ్ళను తరుముతూ ఆడడం చూశారట. ఆ రోజు బండి దిగిన మనిషి మనసు మళ్ళీ బండెక్కలేదు. లారీలు నాలుగు చేతికి రాగానే, విజయనగరం చుట్టుపక్కల చక్రాల స్కేట్ల మీద ఆడే ఆడపిల్లలను పోగేసి, నెలజీతం ఇచ్చి జట్టు కట్టారు. జీతం తీసుకుని హాకీ ఆడే జట్టు మా వైపు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా నేను వినలేదు. ఐసు లేదు కాబట్టి లారీ షెడ్డులో సిమెంటు నేల మీద చక్రాలతోనే ఆడించేవాళ్ళం. ఓనరు గారు సాయంత్రాలు టైరు మీద కూర్చుని చూస్తూ, “ఎప్పటికైనా ఐసెక్కాల” అనేవారు. ఆ “ఎప్పటికైనా” అన్న మాట మీదే నా ఉద్యోగం నిలబడి ఉండేది. ఎందుకో చెబుతాను.

కోచింగ్ స్టాఫ్ అని షెడ్డు గోడ మీద నీలం రంగుతో రాయించారు. ముగ్గురం. హెడ్ కోచ్ కాలేజీలో వ్యాయామం నేర్పి రిటైరైన మాస్టారు. ఎండైనా వానైనా మెడలో విజిల్, చేతిలో నల్ల అట్ట నోటుపుస్తకం. పిల్లల దెబ్బలకూ సామానుకూ మావ. (ఎవరికి మావ అని అడగకండి, ఊరందరికీ మావే. ఓనరు గారు డ్రైవరుగా ఉన్నప్పుడు ఆ లారీకి క్లీనరు.) మూడో మనిషిని, అసిస్టెంటు కోచ్‌ని, నేను. డిగ్రీ పూర్తయ్యి, మా నాన్న బట్టల కొట్లో తానులు మడతపెట్టే రోజులవి. ఆ తానుల నుంచి తప్పించే ఉద్యోగం ఏదైనా సరే అన్నంత కసితో ఇంటర్వ్యూకి వెళ్ళాను. చక్రాల మీద నేను బాగానే ఆడేదాన్ని. అయినా ఓనరు గారు అడిగింది చక్రాల గురించి కాదు.

“ఐసు మీద ఎప్పుడైనా ఆడినావేటమ్మా?”

“ఆడాను” అన్నాను. ఎన్‌సీసీ క్యాంపుకి ఉత్తరాదికి వెళ్ళినప్పుడన్నాను. వెళ్ళిన మాట నిజం. దూరంగా కొండ మీద తెల్లగా ఏదో కనబడిన మాటా నిజం. అప్పటికి నేను బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటున్నాను కాబట్టి, నా ఐసు అనుభవం మొత్తం అంతే.

మాస్టారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. “అయితే ఐసు మీద మొదటి అడుగు ఏ కాలమ్మా?”

“ఎడమ కాలండి.”

ఆయన తల ఊపి, నోటుపుస్తకం తెరిచి ఏదో రాసుకున్నారు. ఉద్యోగం వచ్చేసింది.

ఎనిమిది నెలలు హాయిగా గడిచాయి. అందరితో అన్నిటికీ వాదించాను. మధ్యాహ్నం ప్రాక్టీసు పనికిరాదని మాస్టారితో, అయోడిన్ పూస్తే సరిపోదని మావతో, షెడ్డులో డీజిలు మరకలు కడిగించమని ఓనరు గారితో. ఇంతలో ఒక నగరంలో, పెద్ద భవనం లోపల, మిషన్లతో కట్టిన ఐసు మైదానం మీద ఆడ జట్లకు పందెం అని కబురొచ్చింది. మూడు వారాల గడువు. ఓనరు గారు షెడ్డులో లడ్డూలు పంచారు. నా లడ్డూ నోట్లోనే ఉండిపోయింది.

వారం తిరక్కుండా ఐసు బూట్లు పెట్టెల్లో వచ్చాయి. చక్రాలకు బదులు అడుగున కత్తి. మా గోల్ కీపరు, ఆ పిల్లను అందరం “గోడ” అని పిలిచేవాళ్ళం, పేరుకు తగ్గ మనిషి, ఒక బూటు తీసి తిరగేసి మరగేసి చూసి నన్నడిగింది. “మేడమ్, చక్రాల బూటుకి ముందర బ్రేకు రబ్బరు ఉంటాది గదా. దీనికేదీ?”

లేదు. ముందర లేదు, వెనకా లేదు. పిల్లలంతా నా వైపే చూస్తున్నారు. ఐసు ఎరిగిన మనిషిని నేనొక్కదాన్నే కదా! “ముందు ఎక్కడం నేర్చుకోండి, ఆగడం తర్వాత” అని కసిరాను. మావ ఊరుకోడు గదా. “అదేటి పాపా! బ్రేకు లేని బండి రోడ్డెక్కిత్తామేటి? ఘాట్ రోడ్డులో అయితే కేసు రాసీస్తారు” అన్నాడు. మాస్టారు మాత్రం నన్ను చూసి, “నీకు తెలుసు కదమ్మా. నువ్వు సెప్పినట్టే సేద్దాం” అన్నారు. ఆ మెత్తటి మాటకి నేను పడ్డ నరకం ఏ తిట్టుకీ పడలేదు.

ఆ రోజు నుంచి నా కళ్ళు పిల్లల మణికట్ల మీదే. ఇంత సన్నగా ఉన్నాయేమిటి వీళ్ళ ఎముకలు, ఇన్నాళ్ళూ గమనించలేదే అనిపించేది. అన్నం ముందు కూర్చుంటే మునక్కాడ విరిచినా గుండె జల్లుమనేది. నిజం చెప్పేస్తే ఉద్యోగం పోయి మళ్ళీ తానుల దగ్గరికి. చెప్పకపోతే నా అబద్ధం మీద కాలు పెట్టి ఏ పిల్ల కాలు విరుగుతుందో! రోజూ పొద్దున్న షెడ్డుకి వెళ్ళేటప్పుడు చెప్పేద్దామనుకునేదాన్ని. తలుపు దగ్గర గోడ ఎదురొచ్చి, “మేడమ్, మా అమ్మ ఊరంతా సెప్పీసింది, మాకు ఐసు మేడమ్ ఉన్నారని” అనేది. లోపలికి వెళ్ళి విజిల్ ఊదేదాన్ని.

చివరికి, కనీసం ఐసంటే ఏమిటో కాలితో ముట్టుకుని చూడాలని, మావని తోడు తీసుకుని సముద్రపు ఒడ్డున చేపల రేవు దగ్గరున్న ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. (మావతో చెప్పింది వేరు: పిల్లల వాపులకు ఐసు కావాలన్నాను.) అక్కడ మనిషంత ఐసు దిమ్మలు నేల మీద సర్రుసర్రున జారుతున్నాయి, పనివాళ్ళు వట్టి కాళ్ళతో వాటి మధ్య సంతలో తిరిగినట్టు తిరుగుతున్నారు. నేను చెప్పులు విడిచి ఒక దిమ్మ మీద కాలు పెట్టాను. ఏ కాలో గుర్తు లేదు. గుర్తున్నది, ఆ తర్వాత ఆకాశంలాగా కనబడిన రేకుల కప్పు. ఫ్యాక్టరీ మేస్త్రీ లేపి, నేల చూపించాడు. కాళ్ళకింద అంతా ఊక. “ఊక మీద నడవాల తల్లీ. ఊకేస్తే ఏనుగైనా జారదు.”

నేను మావ వైపు చూశాను, మావ నా వైపు చూశాడు. వానాకాలం ఘాట్ రోడ్డులో లారీ జారితే చక్రం కింద ఊక వేసి ఆపడం ఆయన ఇరవై ఏళ్ళు చేసిన పని. “బ్రేకు దొరికినాది పాపా” అన్నాడు.

వాదించాను, అది రాసుకోండి. బస్సులో సాలూరు దాకా వాదించాను. చూసినవాళ్ళు ఏమంటారు, ఆటకి అడ్డం రాదా, రూల్సు ఒప్పుకుంటాయా అని. దిగేసరికి నేనే ముతక ఊక పనికిరాదు, సన్న వడ్లది కావాలి, జల్లించాలి అని మిల్లులో పురమాయిస్తున్నాను. భయం మనిషి చేత ఏ పనైనా ఎంత శ్రద్ధగా చేయిస్తుందో ఆ బస్తాల కుట్టు చూస్తే తెలిసేది. మాస్టారికి చెబితే, “ఐసు మీద ఊక కూడా ఏస్తారేటమ్మా?” అన్నారు. “అవసరమైతే వేస్తారండి” అన్నాను. అదీ నోటుపుస్తకంలో రాసుకున్నారు.

పందెం రోజు. ఆ భవనంలో అడుగుపెట్టగానే చలికి పళ్ళు కొట్టుకున్నాయి. పైనుంచి పెద్ద పెద్ద ఫ్యాన్లు చలిగాలి కొడుతున్నాయి. అవతలి జట్టు పిల్లలు పిట్టల్లా తిరుగుతున్నారు. వాళ్ళ బెంచీ వెనక కోట్లు వేసుకున్న కోచ్‌లు. మా బెంచీ వెనక మఫ్లరు చుట్టుకున్న మాస్టారు, దుప్పటి కప్పుకున్న మావ, చీర మీద మా నాన్న కోటు వేసుకున్న నేను, పక్కన రెండు బస్తాలు. “మేడమ్ ముందర దిగి సూపిస్తారు” అంది గోడ. నడుం పట్టేసిందన్నాను. మాస్టారు గేటు దగ్గరికి వెళ్ళి ఐసు మీదికి కుడికాలు చాచి, వెనక్కి తీసుకుని, పిల్లలను పొమ్మని విజిల్ ఊదారు.

మా పిల్లలు పోవడం బాగానే పోయారు. చక్రాలు తెలిసిన కాళ్ళు కదా. ఆగడమే లేదు. బిళ్ళ వెనక పరిగెత్తి, బిళ్ళని దాటి, గోల్ దాకా వెళ్ళి గోడకి గుద్దుకుని ఆగుతున్నారు. (సిమెంటు గోడకి కాదు, మా గోడకి.) ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. గుద్దుకున్న ప్రతిసారీ నేను కళ్ళు మూసుకుని చప్పుడు వినేదాన్ని, విరిగిన చప్పుడా కాదా అని. మధ్యలో విరామం ఇచ్చారు. గోడ వచ్చి తలకవచం తీసింది. పెదవి చిట్లింది.

“మేడమ్, అవతలోళ్ళంటే నాకు బయం లేదు. మన జట్టు గుంటలే నన్ను సంపీసేలా ఉన్నారు. ఇంకో ఆట ఆడితే ఎవుర్తికో ఒకర్తికి ఇరిగిపోతాది. ఎలాగ ఆగాలో బేగి సెప్పండి.”

ఆ పిల్ల నిజంగానే నాకు తెలుసనుకుంటోంది. చిట్లిన పెదవితో, నేను చెప్పబోయే దానికోసం చూస్తోంది. నేను మావ వైపు తిరిగి, “వెయ్యండి” అన్నాను.

అంచు పొడవునా బెత్తెడు వెడల్పున వెయ్యమన్నాను. అంతే అన్నాను. ఈ సంగతి మా మేనత్త ఎన్నడూ చెప్పదు. కానీ మావ పుట్టిందీ పెరిగిందీ కళ్ళంలో. చేతికి ఊక, ఎదురుగా గాలి దొరికేసరికి ఆయన చెయ్యి దానంతట అదే తలపైకి లేచి తూర్పారబట్టేసింది. పైనుంచి ఫ్యాన్లు అందుకున్నాయి. ఒక్క నిమిషంలో ఐసంతా పసుప్పచ్చగా, నూర్పిడయిన పొలంలా అయిపోయింది. రెండో బస్తా ఆపమని నేను అరిచిన అరుపు ఫ్యాన్ల హోరులో ఎవరికీ వినబడలేదు. అవతలి జట్టు పిట్టలు దిగిన చోటే బోర్లాపడ్డాయి. మా పిల్లలు మాత్రం జీవితంలో మొదటిసారి ఐసు మీద ఆగి, నిలబడి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. “ఆగినాను మేడమ్!” అని గోడ అక్కడినుంచి కేక వేసింది.

ఆట రద్దయింది. అక్కడి మేనేజరు మా భాష కాని భాషలో తిట్టాడు, అన్నీ అర్థమయ్యాయి. ఓనరు గారు మెట్లు దిగి వచ్చారు. ముఖంలో రక్తం లేదు. ఇన్నేళ్ళ కల ఊక కింద ఉంది మరి. “ఎవరు సేసినారిది?”

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఊక సంగతే కాదు, వాంతి సంగతి, బస్సు సంగతి, అన్నీ.

“నానే” అన్నారు మాస్టారు. “పిల్లలకి దెబ్బలు తగుల్తన్నాయి. నానే ఎయ్యమన్నాను. హెడ్ కోచ్‌ని నాను గదా.”

ఓనరు గారు వంగి చిటికెడు ఊక తీసి వేళ్ళ మధ్య నలిపారు. “సన్న ఒడ్లది” అన్నారు. మావ వైపు చూశారు. “ఘాట్లో మనం ఇంత మంచిది ఎప్పుడైనా ఏసినామేట్రా?” మావ తల దించుకున్నాడు. ఆ తర్వాత ఓనరు గారు నవ్వారో ఏడ్చారో నాకిప్పటికీ తెలియదు, వెనక్కి తిరిగిపోయారు. ఎముకలు మాత్రం ఒక్కటీ విరగలేదు. రైల్లో నేను అందరి చేతులూ పట్టుకుని చూశాను.

జట్టు మళ్ళీ ఐసెక్కలేదు. చక్రాల మీదే ఇంకో ఆరేళ్ళు ఆడింది. పందెం నుంచి తిరిగొచ్చిన నెలలోనే మాస్టారు వయసైపోయిందని తప్పుకుని, నన్ను హెడ్ కోచ్‌ని చెయ్యమన్నారు. వెళ్ళేటప్పుడు విజిల్ నాకిచ్చారు, నోటుపుస్తకం ఇవ్వలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో విదేశాల ఐస్ హాకీ పెడితే నేను బిళ్ళని చూడను. బెంచీ వెనక నిలబడ్డ ఆ కోట్ల మనుషుల మొహాలు చూస్తాను. వాళ్ళు పాదం అడ్డంగా తిప్పి సులువుగా ఆగడం నేర్పగలరు, నాకూ ఇప్పుడు తెలుసు. అయినా ఒక్కొక్కడి కళ్ళలో నా మునక్కాడల భయం కనబడి నవ్వొస్తుంది. ఇప్పుడు నేను నడిపే స్కేటింగు స్కూలుకి ఉద్యోగానికి వచ్చే పిల్లలను నేనూ ఏదో ఒక దిక్కుమాలిన ప్రశ్న అడుగుతాను. ఏం చెప్పినా తల ఊపి రాసుకుంటాను. నానా మాటలకూ వాదించే నేను, అక్కడ మాత్రం వాదించను.

మాస్టారు రామతీర్థంలో కూతురి దగ్గరున్నారు. ఏటా వెళతాను. అడుగుదామని నోరు తెరిచేసరికి, “కాపీ తాగుతావేటమ్మా?” అంటారు. ఈసారి కాఫీ వద్దంటాను. మాస్టారూ, ఆ రోజు నేను “ఎడమ కాలు” అన్నప్పుడు మీరు రాసుకున్నది, ఈ పిల్ల అబద్ధమాడుతోందని తెలిసి రాసుకున్నారా, లేక నా దగ్గర నేర్చుకుందామని రాసుకున్నారా?