ఒడిబియ్యం చీర, నడవని కార్డు

అక్క ఒడిబియ్యానికి చీర నేనే కొంటానని అమ్మతో గట్టిగా చెప్పాను. ఉద్యోగం వచ్చాక ఇదే మొదటిసారి. మా వైపు పుట్టింటివాళ్లు పెట్టిన చీర కట్టుకున్నాకే ఆడపిల్ల పీట మీద కూర్చుని ఒడిలో బియ్యం పోయించుకుంటుంది. పదకొండింటికి కార్యం. తొమ్మిదిన్నరకు నేను బాన్సువాడ బజారులో చీరల కొట్టులో ఉన్నాను. నెల చివరి రోజు. బ్యాంకులో మిగిలింది మూడు వందల చిల్లర, జీతం సాయంత్రానికి గానీ పడదు. అయినా భయం లేదు. జేబులో కొత్త క్రెడిట్ కార్డు ఉంది.

ఆకుపచ్చ చీర ఎంచుకుని కార్డు తీశాను. కొట్టు నడిపే ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చింది.

"గిది ఈడ నడువదు తమ్ముడు. మిషన్ ఉండె, నెలనెలా కిరాయి గుంజుతుండ్రని వాపస్ ఇచ్చేసిన."

కార్డు నడవకపోతే ఏం చేయాలో ఫోన్‌లో ముందే వరుసగా రాసుకున్నాను. మొదటిది: అదనపు చార్జీ నేనే భరిస్తానని చెప్పడం. చెప్పాను.

"మిషనే లేదంటే చార్జి ఏంది?"

రెండోది ఫోన్‌లో చూసి పైకే చదివాను: వేరే కొట్టు.

"పక్క కొట్టు మా మరిదిదే. ఆడ గూడ లేదు. ఇంకేం రాసినవ్?"

మూడోది, కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం. ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది కాబట్టి ఎర్ర అక్షరాల్లో రాసుకున్నాను.

"ఏటీఎంల పైసలు లేవు. పొద్దుగాల నేనే పోయొచ్చిన." ఆమె నా ముఖం చూసి నవ్వింది. "చీర ఎవలికి?"

"మా అక్కకు. పదకొండింటికి ఒడిబియ్యం."

"చూసిందా?"

"లేదు. నేనే ఎంచిన."

"ఆడోళ్ల చీర మొగపిలగాడు ఎంచుడేంది!" అని ఆకుపచ్చదానికి ఇంకో మూడు కలిపి సంచిలో పెట్టింది. "ఇంటికి తీస్కపో. నచ్చింది కట్టుకోమను. మిగిలినయి సాయంత్రం తెచ్చియ్యి, పైసలు గప్పుడే. ఈడ అందరు గిట్లనే తీస్కపోతరు."

"నేనెవరో మీకు తెల్వది కదా. గ్యారంటీ ఏం పెట్టాలె?"

"గంత ఫికర్ ఉంటే నీ కార్డే పెట్టిపో."

ఆమె ఎగతాళికి అన్నదని నాకు తెలియలేదు. యాప్‌లో కార్డును లాక్ చేసి, బల్ల మీద పెట్టేశాను. ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంటికి చేరేసరికి పదిన్నర. కార్డు సంగతి వింటూనే అక్క నాలుగు చీరలూ మంచం మీద పరిచింది. ఆకుపచ్చదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లేపింది.

"గిది ఎవలు ఎంచిండ్రు?"

"నేనే."

"కార్డు నడిచుంటే గిదే కట్టుకోవాల్సొస్తుండె గదరా," అని దాన్ని మడిచి సంచిలో వేసి, ఆ కొట్టామె పెట్టిన వంకాయరంగు చీర తీసుకుని లోపలికి వెళ్లింది. పదకొండుకు ఐదు నిమిషాల ముందు అదే చీరలో పీట మీద కూర్చుంది.