పెదాల మీది పాట

నాన్న సంస్మరణ సభలో చదవడానికి అర పేజీ రాసిమ్మని ప్రార్థన మందిరం పెద్దాయన కబురు పెట్టాడు. నాకు శ్రమ తగ్గుతుందని కాబోలు, మొదటి రెండు వాక్యాలు తనే రాసి పంపాడు. 'వీరు గొప్ప భక్తులు, సంగీతప్రియులు, కుటుంబాన్ని ప్రాణంగా చూసుకున్నవారు. వయసు మీద పడ్డాక హార్మోనియం ముందు తమ స్థానాన్ని స్వచ్ఛందంగా చిన్నవాళ్ళకు అప్పగించారు.' మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. రెండోది చదవగానే ఒళ్ళు మండింది. అది పచ్చి అబద్ధం. అందులో నాకూ వాటా ఉంది కాబట్టి అర పేజీతో సరిపెట్టడం నా వల్ల కాలేదు.

నాన్న ముప్ఫై మూడేళ్ళు నేతమిల్లులో పనిచేశాడు. నాలుగు మరమగ్గాలు ఆయన చేతికింద ఉండేవి. షెడ్డు మొత్తం మీద రెండు వందల మగ్గాలు. అవన్నీ ఆడుతుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. పెదాలు కదుపుతారు, అవతలివాళ్ళు చూసి జవాబిస్తారు. అమ్మ అదే షెడ్డులో ఆ చివర నూలు కండెలు చుట్టేది. వాళ్ళిద్దరి మధ్య పెళ్ళి మాటలన్నీ అంత దూరం నుంచే, ఒక్క చప్పుడు లేకుండా నడిచిపోయాయట. "మీ నాన్న గొంతెలా ఉంటుందో పెళ్ళయ్యాకే విన్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది" అని అమ్మ మమ్మల్ని నవ్వించేది.

ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. మేము ముగ్గురు పిల్లలం అన్నం తింటుంటే మా తలల మీదుగా వాళ్ళు పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు. మా చదువులు, మా చెప్పులు, మా అబద్ధాలు, అన్నీ అలాగే తేలిపోయేవి. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నాకూ నేర్పమని ఎన్నిసార్లు బతిమాలినా నాన్న నవ్వేసి, మీకు చెవులున్నాయిగా, దేవుడిచ్చినవి వాడుకోండి అనేవాడు.

మిల్లు నుంచి రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని హార్మోనియం ముందు కూర్చునేవాడు. మమ్మల్ని పొడుగు వరసన నిలబెట్టి కీర్తనలు పాడించేవాడు. చెల్లికీ తమ్ముడికీ గొంతుంది, నాకు లేదు. "నీ గొంతు దేవుడికి తెలుసులేవే, నువ్వు పేజీలు తిప్పు" అన్నాడు ఒకరోజు. ఆయన సరదాకే అన్నాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకుని ఏళ్ళ తరబడి లోపల రగిలాను. అలాంటివి దాచుకోవడంలో నాకు మంచి నేర్పుంది.

వారం వారం ప్రార్థనలో పాట ఎత్తేది నాన్నే. అలా ఇరవై ఆరేళ్ళు. వేదిక పక్కన హార్మోనియం, ఆడవాళ్ళ వైపు మూడో వరస చివర అమ్మ. ఉపన్యాసం సాగదీస్తే అంత దూరం నుంచి నాన్న పెదాలతో ఏదో అనేవాడు, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇంకోటి కూడా చూసేదాన్ని. పాట మధ్యలో ఒక్కోసారి అమ్మ గడ్డం కొంచెం పైకెత్తేది. వెంటనే నాన్న గొంతు సర్దుకునేది. అదేమిటో నేను ఆలోచించలేదు. ఆవిడకి మెడ నొప్పి అనుకున్నాను.

మగ్గాలు ఇద్దరి చెవులూ తినేశాయి. నాన్నకి ముందు పోయింది, అమ్మకి చివరిదాకా కాస్త మిగిలింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఠకీమని జవాబిచ్చేవాడు కాబట్టి చాలాకాలం మేమెవరం కనిపెట్టలేదు. వెనక నుంచి పిలిస్తే పలక్కపోతే, ధ్యానంలో ఉన్నాడనుకుని గొంతు తగ్గించేవాళ్ళం.

అమ్మ పోయాక అసలు సంగతి బయటపడింది. హార్మోనియం మీద వేళ్ళు తప్పు పోవు, వాటికి చెవులక్కర్లేదు. గొంతు అలా కాదు. పాట మొదలెట్టిన రెండో చరణానికే నాన్న గొంతు ఒక దారి, హార్మోనియం ఒక దారి. ముందు వరస వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. వెనక బెంచీల్లో పడుచుపిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. మూడో వరస చివర ఇప్పుడు నేను కూర్చునేదాన్ని. గడ్డం ఎత్తాల్సిన చోట తల దించుకుని కూర్చున్నాను.

ఒక వారం ప్రార్థన మొదలవడానికి ముందు పెద్దాయన నన్ను గుమ్మం దగ్గర ఆపాడు. నాన్న ఆ చివర హార్మోనియం సవరించుకుంటున్నాడు. పాట మానమని మేం చెబితే నొచ్చుకుంటాడు, కూతురివి నువ్వు చెబితే బావుంటుంది అన్నాడు పెద్దాయన. గొంతు తగ్గించబోయి, మళ్ళీ తనే, ఆయనకెలాగూ వినపడదులే అన్నాడు. నేనూ తగ్గించలేదు.

"నాకూ సిగ్గుగానే ఉంటోందండీ. నాన్న నోరు తెరిస్తే నాకు తల కొట్టేసినట్టుంటోంది. ఇకనైనా ఆ నోరు మూసుకుంటే బావుండు. చెప్తాలెండి" అన్నాను.

ఇదే నేనన్నది. ఒక్క అక్షరం మార్చి రాయడం లేదు. నాన్న ఎదురుగా, వెలుతురులో, ముఖం ఆయన వైపే పెట్టి అన్నాను. పుట్టినప్పటి నుంచీ ఆ మిల్లు కాపురం చూసినదాన్ని, ఆ క్షణాన నాకు ఆయన చెవులు తప్ప ఇంకేం గుర్తు రాలేదు.

నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఆ పూట నాన్న పాట ఎత్తలేదు, వట్టి హార్మోనియం వాయించి ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక, వేళ్ళు మొద్దుబారుతున్నాయి, ఇక చిన్నవాళ్ళని చూసుకోమను అన్నాడు. నేను లోపలికెళ్ళి దేవుడికి దండం పెట్టుకున్నాను, గండం గడిచిందని. ఇంట్లో హార్మోనియాన్ని దుప్పటి చుట్టి మంచం కిందికి తోశాడు. ప్రార్థనకి రావడం మానలేదు కానీ ఆఖరి బెంచీకి మారిపోయాడు. గాలి బాగా వస్తుందనేవాడు. అక్కడ నుంచి చూస్తే అందరి వీపులే తప్ప ఎవరి పెదాలూ కనపడవు.

నాలుగేళ్ళు అలా గడిచాయి. ఇంట్లో కూనిరాగం కూడా లేదు. పెద్దతనం వచ్చి నెమ్మదించాడని అందరికీ చెప్పుకున్నాను. కొందరు నన్ను మెచ్చుకున్నారు కూడా, తండ్రిని ఎంత బాగా చూసుకుంటోందోనని.

చివరికి ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరాడక గొంతుకి గొట్టం వేశారు, మాట పోయింది. చేతులు వణికి పెన్ను పట్టలేకపోయేవాడు. పడుకున్నాడన్న మాటే గానీ పెదాలు మాత్రం ఆగేవి కావు. నీళ్ళా అంటే కాదు. దిండా అంటే కాదు. డాక్టర్ని పిలవనా అంటే కళ్ళు తిప్పుకునేవాడు. రెండు రోజులకి నాకు విసుగొచ్చింది. ఏం కావాలో తిన్నగా చెప్పి చావొచ్చుగా అని మనసులో అనుకున్నాను. మనసులో అనుకున్నానో, పైకే అన్నానో ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను.

మూడో రోజు మధ్యాహ్నం పదకొండో నంబరత్త వచ్చింది. మిల్లులో నాన్న పక్క మగ్గాల మనిషి, ఆవిడ మగ్గం నంబరే మాకు ఆవిడ పేరు. ఎనభై దగ్గర పడ్డా చూపు చురుగ్గానే ఉంది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని నాన్న పెదాల వంక చూసింది. కాసేపటికి ఆవిడ తల మెల్లగా ఊగడం మొదలైంది.

"ఏమడుగుతున్నాడత్తా?" అన్నాను.

"ఏం అడగట్లేదే పిల్లా. పాడుతున్నాడు. మిల్లులోనూ పొద్దస్తమానం ఇంతేగా. ముప్ఫై ఏళ్ళు మీ నాన్న పాట చూశాన్నేను, వినింది లేదు."

రెండు రోజులుగా పాడుతున్న మనిషి నోట్లో నేను చెంచాతో నీళ్ళు పోస్తున్నాను.

అంతలో నాన్న పాట ఆపి నా వైపు చూశాడు. తర్వాత అత్త వైపు చూసి పెదాలు కదిపాడు, నెమ్మదిగా, రెండుసార్లు. అత్త ముఖం మారిపోయింది. ఏమన్నాడంటే చెప్పదు. ఏం లేదులేవే, మందుల మత్తులో ఏదో అంటున్నాడు అంది. నేను వదల్లేదు. చెప్పకపోతే నా మీద ఒట్టే అన్నాను.

అత్త నా ముఖం చూడకుండా చెప్పింది. "నిన్ను అడగమంటున్నాడు. ఇప్పుడు చప్పుడు రావట్లేదుగా, పాడుకుంటే నీకేం సిగ్గు లేదుగా అని."

గుమ్మం, పెద్దాయన, ఆ చివర హార్మోనియం, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చి నిలబడ్డాయి. నాన్న నాలుగేళ్ళు నా చేతి అన్నం తిన్నాడు. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు, అననూ లేదు. అత్త ఏమైంది ఏమైంది అంటోంది.

మంచం మీదికి వంగి "పాడు నాన్నా, పాడు" అన్నాను. గట్టిగా అన్నాను, అరిచాను, పక్క మంచాల వాళ్ళు లేచి చూశారు. పెదాలు సాగదీసి, ఒక్కో అక్షరం విడదీసి అన్నాను.

నాన్న అప్పటికే కళ్ళు మూసుకున్నాడు. భుజం పట్టి కుదిపినా తెరవలేదు. పెదాలు కూడా మూసుకున్నాడు. మర్నాడు ఉదయం నర్సు వచ్చి నాడి చూసి గొట్టం తీసే వరకూ నేను అలా ముఖంలో ముఖం పెట్టి అంటూనే ఉన్నాను.