తాడు మీద చెయ్యి

పావగడ సంతలో ఎండుచేపల వాసన తగిలితే చాలు, నాకు నూకాలమ్మ గుర్తుకొస్తుంది. వెంటనే కడుపు మండుతుంది. సోలార్ పార్కులో పలకలు కడిగే మా ఆడవాళ్ళ గుంపుకు ఆమె మేస్త్రీ. భర్త వెల్డింగు పని కోసం ఎక్కడో విశాఖ వైపు సముద్రపు ఒడ్డు నుంచి మా రాయచెర్లుకు వచ్చి, మా పక్కింట్లో అద్దెకు దిగింది. గుత్తకిచ్చిన మా చేను ఆ పలకల కిందే ఉంది. నా చేనులో నిలబడి నేను పరాయివాళ్ళ అద్దాలు కడిగేదాన్ని. ఆమె మాత్రం మధ్యాహ్నం నీడన కూర్చుని తన ఊరి కథలు చెప్పేది. మా గుంపులోనే పనిచేసే మా అత్త నన్ను పలకరించడం మానేసి ఆమె దగ్గర చేరేది. నాకూ ఒక ఊరుంది, దాని గురించి ఒక్కరూ అడగరే అని కుళ్ళుకునేదాన్ని.

"పెద్ద వల లాగేటప్పుడు తాడు మీద సెయ్యేసినోడికి వాటా ఉంటాది. దారినపోయేవోడైనా సరే. మా తాతల నాటి కట్టు" అంది ఒకసారి. తర్వాత రిసార్టు వచ్చిందట. గుడిసెలు రోడ్డు అవతలికి పోయాయి, పడవలు లాగిపెట్టే చోట గొడుగులు, కుర్చీలు వెలిశాయి. అయినా వల మానలేదు.

"ఇప్పుడు ఫోటోల కోసం రిసార్టోళ్ళు కూడా తాడట్టుకుంటారు" అని నవ్వింది.

"వాళ్ళకూ వాటా ఇస్తారా?"

"సెయ్యేసారు కదే!"

గంగమ్మ పండక్కి నన్ను తన ఊరికి వెంట తీసుకెళ్ళింది. తాడు లాగి అరచేతులు మండుతుంటే ఒక ముసలాయన నా ఒళ్ళో చేపలు పోశాడు. పక్కన తాడు పట్టిన రిసార్టు నల్లకళ్ళద్దాల అమ్మాయికీ పోశాడు. ఆమె కెవ్వుమని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఒడ్డంతా పోగొట్టుకున్నవాళ్ళు ఇంత దర్జాగా ఎలా ఇస్తున్నారు? మా ఊళ్ళోనూ శెనక్కాయ పీకినవాళ్ళకు ఒడి నింపి పంపేవాళ్ళం. పలకలు వచ్చాక అదంతా పోయింది.

"ఏటే, ఏడుస్తున్నావు?"

"మీకు సముద్రమన్నా మిగిలిండాది. మాకు ఏముండాదక్కా?"

"మీ ఇంటెనకాల సెక్క నేలుంది కదే" అంది, చేపల మీది ఇసుక దులుపుతూ.

భర్త పని అయిపోగానే ఆమె వెళ్ళిపోయింది. తిరిగి వెళ్ళడానికి ఆమెకు ఊరుంది. దానికీ ఏడ్చాను. ఆ ఏడే ఇంటి వెనకాల శెనక్కాయ వేశాను. పీకే రోజు పార్కు కాపలావాళ్ళిద్దరు వచ్చి, చెరో చెట్టు పీకి, ఫోటో తీసుకుని వెళ్ళబోయారు. నాకు ఒళ్ళు మండింది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"యాడికి పోతాండారప్పా? చెయ్యేసినారు కదా, టోపీలు పట్టండి!"

నిండా పోశాను. ఏటా పోస్తూనే ఉన్నాను. పోసిన ప్రతిసారీ నాకు గొప్పగానే ఉంటుంది. అంతలోనే ఆ మాట కూడా నాకంటే ముందు నూకాలమ్మే అనేసిందని గుర్తొచ్చి, మళ్ళీ కుళ్ళుకుంటాను.