మంచినీళ్ళివ్వాలి, మంచం వెయ్యకూడదు

సౌదీలోని ఈ జిజాన్ రేవు తేమకి, రాత్రి ఆరేసిన బట్టలు ఈ ఉదయానికి ఇంకా బరువెక్కాయి. వాటిని మళ్ళీ పిండుతుంటే కాకినాడ నుంచి పిన్ని ఫోను. "మీ బాబాయి పోయారమ్మా."

చుట్టరికం లేదు. రిటైరై వెళ్ళేదాకా వాళ్ళది మా పక్క ఫ్లాటు. బాబాయి ఇక్కడి రేవులో పెద్ద ఓడల్ని ఒడ్డుకు చేర్చే టగ్గు పడవకు కెప్టెన్. మా ఇంటికొస్తే చెప్పుల ముక్కులు బయటికి తిప్పి విడిచేవారు. "రేవులోకి వచ్చినప్పుడే పోయే దారి చూసుకోవాలండి."

ఆయనకు ఒకటే పిచ్చి, చిన్న దేశాల నౌకాబలం. మా భోజనాల బల్ల మీద పులిహోర గిన్నె ఒక అగ్రరాజ్యం, పెరుగు గిన్నె ఇంకొకటి, మధ్యలో ఖర్జూరం ద్వీపం.

"చిన్న దేశం పెద్ద యుద్ధనౌకలు కొనకూడదు. కొంటే డీజిలుకి మళ్ళీ పెద్దోళ్ళ కాళ్ళే పట్టుకోవాలి. నాలుగు గస్తీ పడవలు, లోతైన రేవు చాలు. వచ్చిన ఓడకి మంచినీళ్ళివ్వాలి, మంచం వెయ్యకూడదు."

పాఠం ముగిసేసరికి ద్వీపాన్ని ఆయనే తినేసేవారు.

ఇంటర్ అయ్యాక నాకూ రెండు అగ్రరాజ్యాలు ఎదురయ్యాయి. ఆసుపత్రిలో నర్సయిన అమ్మ నర్సింగు అంది. నాన్న కంప్యూటర్లు అన్నారు. నాకు చరిత్ర చదవాలని ఉంది, చెప్పే నోరు లేదు. బాబాయికి మాత్రం చెప్పాను.

"ఇద్దరితోనూ 'చూద్దాం' అను. చిన్న దేశపు విదేశాంగ విధానమంతా ఆ ఒక్క మాటే."

అంత పెద్ద మాట నా వల్ల కాలేదు. అమ్మ అడిగితే "ఊ" అన్నాను. నాన్న అడిగినా "ఊ" అన్నాను. కొద్ది రోజుల్లోనే గుంటూరులో నర్సింగు సీటు, విశాఖలో కంప్యూటర్ల సీటు రెండూ ఖాయమయ్యాయి.

బాబాయి తల పట్టుకున్నారు. "ఊ కొట్టడం కథలకమ్మా, ఒప్పందాలకి కాదు! రెండు నౌకాదళాలకీ ఒకే రేవు రాసిచ్చేశావు!"

ఆ శుక్రవారం భోజనాల దగ్గర ఆయన ఉండగానే యుద్ధం మొదలైంది.

"నాతో ఊ అంది," అంది అమ్మ.

"నాతోనూ అంది," అన్నారు నాన్న.

"ఆయ్, అంటాదండి," అన్నారు బాబాయి. "మీరిద్దరూ 'చేస్తావు కదా' అని అడిగారు. 'ఏం చేస్తావు' అని ఎవరూ అడగలేదు."

అమ్మా నాన్నా నా వైపు తిరిగారు. "చరిత్ర," అన్నాను. పులిహోర గిన్నెతో అన్నాను గానీ, అందరికీ వినిపించింది.

ఇప్పుడు జిజాన్‌లోనే బడిలో చరిత్ర చెబుతున్నాను.

పదిహేడో ఏట బాబాయిని ఓడెక్కించింది వాళ్ళ నాన్నగారట. బాబాయినీ 'ఏం చేస్తావు' అని ఎవరూ అడగలేదని పిన్ని ఫోను పెట్టేముందు చెప్పింది.

బాబాయికి ఈత రాదు.